పాత ఎంజీబీ కారుల ఎడమ సీటు కాళ్ల కాడ కాలుతున్నది, ఇంజన్ వేడి లోపలికి రాకుండ ఏం చేయాలె?

రెండుసీట్ల_నల్గొండ
మే 6, రాత్రి 10:40

అన్నలూ, ఒక సలహా కావాలె. నా కాడ 1966 ఎంజీబీ ఉన్నది, ఇంగ్లండ్ బండి, రెండు సీట్లది, పైన గుడ్డ టాపు, స్టీరింగ్ కుడి పక్క. మా పెద్దనాయిన హైదరాబాద్‌ల ఒక పాత దోస్తు కాడ తీస్కున్నడు, ఆయన పోయినంక ఏండ్లకేండ్లు షెడ్డుల టార్పాలిన్ కింద పడి ఉండె, పోయినేడు నేను నల్గొండకు తెచ్చుకోని ఇంజన్ ఇప్పిచ్చి రింగులు, గ్యాస్కెట్లు అన్నీ కొత్తయి ఏపిచ్చిన. బండి మంచిగనే నడుస్తది, హైవే ఎక్కినంక ఆపబుద్ధి కాదు.

బాధంత వేడితోనే. ఎండ సంగతి కాదు నేను చెప్పేది, మే నెలల నల్గొండ ఎండ ఎట్లుంటదో మీకు ఎరుకే. పొద్దుగాల ఆరింటికి బయల్దేరినా సరే, ఇరవై నిమిషాలు నడిచిందంటె ఎడమ సీటు కాళ్ల కాడ రేకు కాలుతది. మొన్న ఆయితారం మా ఇంటామెను తీస్కోని కనగల్, హాలియా మీదికెళ్లి సాగర్ పోయినం, హాలియా రాకముందే ఆమె కాళ్లు రెండు పైకి గుంజుకోని సీట్ల బాసింపట్టు ఏసుకోని కూసున్నది, చెప్పు అడుగు మెత్తగయి కార్పెట్‌కు అంటుకున్నది. నాకు కుడి పక్క అంత లేదు గని గేర్ రాడ్ మొదట్ల చేయి పెడితె చురుక్కుమంటది. తిరుగుదలల ఆమె బస్సుల వచ్చింది, నిజంగ.

రేడియేటర్ మరిగుడు లేదు, టెంపరేచర్ ముల్లు ఉండాల్సిన కాడనే ఉంటది. నేను చేసింది ఒక్కటే, గోనెసంచి తడిపి కార్పెట్ కింద పరిచిన (నవ్వకుండ్రి). పది నిమిషాలు చల్లగ ఉండె, తర్వాత ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు ఆవిరి.

ఇక్కడ మెకానిక్కులను అడిగితె ఒకాయన సైలెన్సర్ పైపుకు తెల్ల టేపు చుట్టమంటడు, ఒకాయన బానెట్ ఎనక దిక్కు వాషర్లు పెట్టి జర లేపమంటడు, ఇంకొకాయన ఏసీ పెట్టుకో అంటడు. బాడీని కోసుడు నాకు ఇష్టం లేదు. ఎవరన్నా పాత బండ్లు నడిపేటోళ్లు ఉంటె చెప్పుండ్రి.


గాలిమోటర్
మే 6, రాత్రి 11:15

టాపు ఇప్పుకోని తిరిగే కారుకు ఏసీయా, సాగర్ దాకా ఊరోళ్లందరికి చల్లగాలి పంచుతవా అన్నా. అమ్మేటట్టుంటె నాకు ఒక మాట చెప్పు, మా ఇంటామె ఎట్లాగూ బస్సులనే తిరుగుతది.


అంబాసిడర్_కొడుకు
మే 7, పొద్దున 6:20

తమ్మీ ముందుగాల ఆ గోనెసంచి తీసి బయట పారెయ్యి. ఆ బండికి జీపు లెక్క వేరే ఛాసీ ఉండది, ఫ్లోరు, పక్కన తలుపుల కింది సిల్లు, గవే దాని ఎముకలు. తడి గోనె కార్పెట్ కింద పెట్టినవంటె రెండు వానకాలాలల్ల ఫ్లోరు జల్లెడ అయితది, అప్పుడు వేడి సంగతి మర్చిపోయి వెల్డింగ్ షాపు చుట్టు తిరుగుతవు.

నాది మహబూబ్‌నగర్. మా నాయిన పాలమూరుల ముప్పై ఏండ్లు అంబాసిడర్ టాక్సీ నడిపిండు, నేను డికీల పడుకోని పెరిగిన. ఎందుకు చెప్తున్ననంటె నీ ఎంజీబీ ఇంజన్, అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ ఒకే ఇంటివి, రెండూ ఇంగ్లండ్ బీఎంసీ కంపెనీ వాళ్ల బీ-సిరీసే. అంబాసిడర్‌ది 1489 సీసీ, నీది 1798, దానికి ఒక్క కార్బొరేటర్, నీకు ఎస్‌యూ కంపెనీవి రెండు. కాబట్టి "ఇంగ్లండ్ బండి, ఎవరికి రాదు" అని భయపడకు, నల్గొండల అంబాసిడర్ చేసిన ముసలి మిస్త్రీ ఎవరున్నా వాళ్ల చేతికియ్యి, కండ్లు మూసుకోని చేస్తడు.

ఇగ వేడి. ఈ ఇంజన్‌కు కార్బొరేటర్లు, ఇంజన్ పొగను పైపుకు చేర్చే సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఎడమ దిక్కే ఉంటయ్, అక్కడికెళ్లి పైపు కిందికి దిగి ఎడమ ఫ్లోరు కిందికెళ్లే ఎనకకు పోతది. అమెరికా పోయిన బండ్లల్ల స్టీరింగ్ ఎడమకుంటది కాబట్టి అక్కడ డ్రైవర్ కాళ్లు కాలినయ్, మన దగ్గర ఇంటామె కాళ్లు. నీకు కుడి పక్క తక్కువ వేడి అనిపిస్తుందంటె అదే కారణం.

ఇంకో ముచ్చట. గేజ్ చూపించేది ఇంజన్ నీళ్ల వేడి. నీ కాళ్లకు తగిలేది వేరే లెక్క. అందుకే ఇంజన్ నీళ్ల వేడిని అదుపుల పెట్టే థర్మోస్టాట్ తీసేస్తె చల్లగయితది అనేటోళ్ల మాట ఇనకు. ఈ ఇంజన్‌కు వేడి దేశాల కోసం 74 డిగ్రీల థర్మోస్టాట్ ఉంది, మామూలుగ 82, చలి దేశాలకు 88. 74ది ఏసుకో, మంచిదే, గని దాంతోని ఫ్లోరు చల్లగ కాదు. ఫ్లోరుకు వేడి వచ్చేది పైపు నుంచి, ఇంకా తూట్లకెళ్లి.

నువ్వు షీటు కొనకముందు రూపాయి ఖర్చు లేని పనులు మూడు చెయ్యి.

హీటర్ ఉన్నదా నీ బండిల? ఆ రోజులల్ల ఎంజీబీకి హీటర్ అదనపు పైసలిస్తెనే వచ్చేది, అయినా ఇంగ్లండ్‌ల కొన్న బండి అయితె ఉండే ఉంటది. మన దేశంల దాన్ని ఎవరూ వాడరు, వాడరు కాబట్టే ఎవరూ చూడరు. ఇంజన్ హెడ్డు మీద చిన్న ట్యాపు ఉంటది, డ్యాష్‌బోర్డు కాడి నాబ్ నుంచి దానికి తీగ పోతది. ఆ తీగ సాగిపోతె నాబ్ బందు చేసినా ట్యాపు సగం తెరిచే ఉంటది, అంటె మే నెలల నువ్వు హీటర్ ఏసుకోని తిరుగుతున్నట్టు. ఇంజన్ వేడెక్కినంక ట్యాపు నుంచి హీటర్ డబ్బాలకు పోయే హోస్ పట్టుకోని చూడు, చేయి పెట్టనియ్యనంత కాలుతుందంటె నీళ్లు పోతున్నయ్ అన్నట్టు.

రెండోది తూట్లు. రాత్రి పూట, చీకటి అయినంక, బానెట్ కింద మంచి టార్చి పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పమని ఒక మనిషికి చెప్పు. నువ్వు లోపల కార్పెట్ ఎత్తి, కాళ్ల కాడ తల పెట్టి పండుకో. ఎక్కడ చుక్కలాగ వెలుగు కనిపిస్తదో అక్కడికెళ్లే వేడిగాలి వస్తుంది. వైర్లు పోయే రబ్బరు గ్రొమెట్లు అరవై ఏండ్లకు అప్పడాల్లెక్క ఎండిపోతయ్. స్టీరింగ్ రాడ్ వచ్చే కాడ, పెడల్స్ కాడ, గేర్ రాడ్ బూట్ కింద, అన్నీ చూడు. వెలుగుకు దొరకనివి ఇంజన్ చాలూ చేసి అగర్బత్తి పట్టుకోని చూడు, పొగ ఎటు ఊగితె అటు తూటు ఉన్నట్టు. బానెట్ కింది గాలికి బయటకు పోయే పెద్ద తొవ్వ ఏదంటె రెండు సీట్ల మధ్యల ఉబ్బుగ ఉండే గేర్‌బాక్స్ సొరంగమే, అందుకే గేర్ రాడ్ కాడ నీకు చురుక్కుమంటుంది.

మూడోది టైమింగ్, అంటె స్పార్క్ కొట్టే సమయం. ఇంజన్ కొత్తగ చేపిచ్చిన అన్నవు కదా, ఎవరు సెట్ చేసిండ్రు? మన పెట్రోల్‌కు టకటక కొట్టకుండ చాలామంది టైమింగ్ ఎనకకు పెడతరు. ఎనకకు పెడితె మంట ఆలస్యంగ మొదలయి, సిలిండర్‌ల అయిపోవాల్సిన వేడి సగం సైలెన్సర్‌లకు పోతది. పికప్ డల్లుగుండి, మానిఫోల్డ్ మస్తు కాలుతుంటె ముందు టైమింగ్ మీదనే అనుమానం పడాలె.


పాలమూరు_జీపు
మే 7, మధ్యాహ్నం 1:05

పై అన్న చెప్పినయి చెయ్యి గని బానెట్ వాషర్లు సుత పెట్టు, పది రూపాయల పని. నా జీపుకు పెట్టిన, ట్రాఫిక్‌ల నిలబడితె ఎనకకెళ్లి వేడి భగభగ బయటకు వస్తది, కండ్లకు కనిపిస్తది.

ఒకటి మాత్రం చెయ్యకు. నేను రెండేండ్ల కింద తక్కువల వస్తుందని డాబా మీద వానకు అతికించే తారు షీటు తెచ్చి జీపు ఫ్లోరు మీద అంటించిన, దుకాణపాయన "కారుకు సుత ఇదే ఏస్తరు" అన్నడు. సప్పుడు తగ్గింది, ఖుష్ అయిన. ఏప్రిల్ వచ్చింది, షీటు పాకం అయింది. కార్పెట్ దాంట్ల మునిగింది, క్లచ్ కాడ నా బూటు ఊడి అక్కడనే ఉండిపోయింది, జడ్చర్ల ఫ్లైఓవర్ కింద ఒక కాలికి సాక్సుతోని దిగి నిలబడ్డ. కిరోసిన్ దొరకక డీజిల్ పోసి గీకిన, నెల రోజులు వాసన.


అంబాసిడర్_కొడుకు
మే 7, రాత్రి 9:30

వాషర్ల సంగతి నేను ఒప్పుకోను అన్నా. నిలబడ్డప్పుడు వేడి బయటకు వస్తది, నిజమే. బండి ఉరికేటప్పుడు ఏమైతదంటె, గాలి ముందట అద్దానికి కొట్టుకోని దాని మొదట్ల గుమికూడతది, అక్కడ ఒత్తిడి ఎక్కువ. అప్పుడు ఎనక సందుకెళ్లి వేడి బయటకు రాదు, బయటి గాలే లోపలికి పోయి, ముందటికెళ్లి వచ్చే గాలికి ఎదురు తగిలి, అంతా కలిసి సొరంగం దిక్కు దిగుతది. నమ్మకపోతె ఊలు దారం ముక్కలు బానెట్ ఎనక అంచుకు టేపుతోని అంటించి అరవైల నడుపు, దారాలు ఎటు వంగుతున్నయో పక్కన కూసున్నోళ్లకు కనిపిస్తది. పైగా ఎంజీబీకి లోపలి గాలి తీస్కునే జాలి ఆ అద్దం ముందటనే ఉంటది, వాషర్లు పెడితె ఇంజన్ వాసన మొత్తం ఆ జాలిల పోతది.

తమ్మీ, ఇంకొకటి. 1966 బండికి బానెట్ అల్యూమినియంది ఉంటది, అయస్కాంతం పెట్టి చూడు, అంటదు. దాన్ని లేపుడు, వంచుడు, జాలీలు కోసుడు ఏదీ చెయ్యకు. అల్యూమినియం సొట్ట తీసేటోడు మన జిల్లాలల్ల దొరకాలంటె దీపం పెట్టి వెతకాలె.


బాయిలర్_మిర్యాలగూడ
మే 8, రాత్రి 8:10

నమస్తే. కార్ల గురించి నాకు పెద్దగ తెలువది, నేను మిర్యాలగూడల బాయిల్డ్ రైస్ మిల్లుల బాయిలర్ పని చూస్త. వేడి పైపు పక్కన మనిషి నిలబడి పని చేసేటట్టు చేసుడే మా డ్యూటీ కాబట్టి రెండు మాటలు చెప్పొచ్చు అనుకుంటున్న.

అందరూ కార్పెట్ కింద ఏం వేయాలె అని ఆలోచిస్తరు. అప్పటికే రేకు వేడెక్కింది, ఆ వేడిని నువ్వు మూత పెట్టి దాచిపెడుతున్నవ్ అంతే, ఇంకో అరగంటకు అది పైకి వచ్చుడే. పైపు నుంచి వేడి రేకుకు చేరకముందే మధ్యల అడ్డం పెట్టాలె. మెరిసే అల్యూమినియం రేకు, ఒక మిల్లీమీటర్ మందం చాలు, పైపుకు, ఫ్లోరుకు మధ్యల, రెండింటికి తగలకుండ. ఫ్లోరు దిక్కు కనీసం పది పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలె. ఖాళీ ఎందుకంటె పైపు నుంచి వచ్చేది ఎక్కువ భాగం పొయ్యి ముందు నిలబడితె మొహానికి తగిలేసొంటి వేడి, మెరిసే రేకు దాన్ని ఎనకకు కొడతది, మిగిలిన దాన్ని మధ్యల పారే గాలి ఎత్తుకపోతది. రేకును నేరుగ ఫ్లోరుకు అతికిస్తె ఇనుము నుంచి ఇనుముకు పోయినట్టే, లాభం లేదు.

ఫ్లోరుకు తూట్లు వేయొద్దు అనుకుంటె రేకును పైపుకే కట్టొచ్చు. స్క్రూ తిప్పే స్టీల్ క్లాంపులు ఉంటయ్ కదా, హోస్‌లకు వేసేవి, వాటిలోకి చిన్న కాళ్లు వంచి రేకును పైపు మీద గొడుగులాగ నిలబెట్టాలె. తూట్లే వేసేటట్టయితె పైకి ఎక్కి ఒకసారి కిందికి దిగి ఒకసారి చూడండి, కిందికెళ్లి బ్రేకు పైపు, బ్యాటరీ తీగ పోతుంటయ్.

పైపుకు తెల్ల టేపు చుట్టుడు గురించి: మేము చుడతం, గని మా పైపులు షెడ్డుల ఉంటయ్. రోడ్డు మీద వాననీళ్లు ఆ చుట్టలోకి పోయి అక్కడనే నానుతయ్, మామూలు ఇనుప పైపు లోపల లోపల తుప్పు పట్టి పోతది, పై నుంచి కనిపించదు. ఇంజన్ ఆయిల్ కారి ఆ టేపుల ఇంకిందంటె అది వత్తి లెక్క. పోత ఇనుము మానిఫోల్డ్‌కు అసలే చుట్టొద్దు.

మా దగ్గర తెల్ల సెరామిక్ దుప్పటి ముక్కలు మిగులుతయ్, చాలామంది అడుగుతరు. కారు లోపల మాత్రం వాడకండి. ముట్టుకుంటె దురద, పొడి ఊపిరిల పోతె మంచిది కాదు. పాత మిల్లులల్ల ఆస్‌బెస్టాస్ తాడు దొరుకుతది, దాన్ని ముట్టుకోనే వద్దు. రేకు ముక్కలు కావాలంటె నేను ఇస్త, పైపుల మీద తొడిగే రేకు, బయట కొంటె దండుగ.


సూర్యాపేట_డీజిల్
మే 8, రాత్రి 10:55

అందరు వేడి గురించే మాట్లాడుతున్నరు, నాకు భయం వేరే. తూటుకెళ్లి వేడిగాలి వస్తుందంటె సైలెన్సర్ గ్యాస్ సుత వస్తది. మానిఫోల్డ్ గ్యాస్కెట్ కాడ గాని, పైపు జాయింట్ల కాడ గాని లీకు ఉన్నదా చూడన్నా. బండి చల్లగున్నప్పుడు చాలూ చేస్తె టిక్ టిక్ అని సప్పుడు వచ్చి వేడెక్కినంక తగ్గుతుంటె లీకు ఉన్నట్టే, జాయింట్ కాడ నల్ల మసి గీత కనిపిస్తది. ఆ గ్యాస్‌ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, రంగు ఉండది, వాసన ఉండది. టాపు ఏసుకోని పోయినప్పుడు తలనొప్పి, కండ్లు మూతలు పడుడు వస్తె ఎండదెబ్బ అనుకోని మజ్జిగ తాగి ఊకోకు. ముందు అది చూసుకోని తర్వాత రేకులు, షీట్లు.


రెండుసీట్ల_నల్గొండ
మే 13, రాత్రి 11:50

అన్నలూ దండం. వారం సంది బండి కిందనే పండుకుంటున్న, అన్నీ ఒకటే సారి చెప్త.

టార్చి పని రాత్రి కరెంటు పోయినప్పుడు చేసిన, అదృష్టం ఏందంటె మా దిక్కు మే నెలల అందుకోసం ఎదురుచూసే పని లేదు. పక్కింటి పిలగానికి టార్చి ఇచ్చి నేను లోపల తలకిందులుగ పండుకున్న. చుక్కలు కాదన్నా, నక్షత్రాలు. అయిదు గ్రొమెట్లు లేనేలేవు. స్టీరింగ్ రాడ్ చుట్టు రబ్బరు సగమే ఉన్నది. అసలుది ఎక్కడ దొరికిందంటె, సొరంగం మీద కార్పెట్ గుంజితె కింద పాత బనీను గుడ్డ ఉండ చేసి కుక్కి ఉన్నది, అంచులు గోధుమ రంగుకు మాడిపోయి, చేతిల పట్టుకుంటె పొడి రాలింది. అది తీస్తె పది రూపాయల బిళ్ల కంటె పెద్ద తూటు, దాంట్లకెళ్లి గేర్‌బాక్స్ కనిపిస్తుంది. ఇది ఏందో తెలువక పుస్తకం తీసి చూస్తె, గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే పుల్ల కోసం కంపెనీయే పెట్టిన తూటు, దానికి రబ్బరు బిరడా ఉండాలె. ఎప్పుడో ఎవరో ఆయిల్ చూసి బిరడా పారేసుకోని బనీను కుక్కిండ్రు. ఆ బనీను మా పెద్దనాయినదే అయి ఉంటది అని మా ఇంటామె అంటుంది, నేను ఏమనలే.

ప్రస్తుతానికి లారీ ట్యూబు ముక్క గుండ్రంగ కోసి పెట్టిన, బిరడా కోసం చూస్తున్న. చిన్న తూట్లకు కొత్త గ్రొమెట్లు ఏసిన, వంకర టింకర సందులకు వేడికి ఆగే ఎర్ర సిలికాన్ పూసిన.

హీటర్ తీగ సంగతి మీరు చెప్పింది నూటికి నూరు. నాబ్ తిరుగుతుంది, ట్యాపు కదలట్లే. తీగ బిగించిన, ఇప్పుడు పూర్తిగ బందు అయితుంది.

టైమింగ్‌కు రిటైరైన అంబాసిడర్ మిస్త్రీ ఒకాయనను పట్టుకున్న, బానెట్ లేపంగనే "ఇది మనదే కదా, రెండు ముక్కులు పెట్టిండ్రు" అన్నడు కార్బొరేటర్లను చూసి. టైమింగ్ మస్తు ఎనకకు ఉన్నది. ఇంకో దొంగ దొరికింది, స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ సన్న పైపు. ఆయన దాన్ని ఇప్పి ఒక కొసను నోటితోని గుంజి నాలుక అడ్డం పెట్టిండు, నిలబడాలె అంట, నిలబడలే, చివర రబ్బరు పగిలి ఉన్నది. రెండూ సరిచేసినంక పికప్ వేరే బండి లెక్క అయింది.

సైలెన్సర్ జాయింట్ కాడ మసి గీత ఉన్నది డీజిల్ అన్నా, మీరు చెప్పకపోతె చూడకపోదును. గ్యాస్కెట్ మార్చిన.

ఒక డౌటు. ఇప్పుడు బంకులల్ల వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వల్ల సుత వేడి పెరుగుతదా? మిస్త్రీ "ఈ పెట్రోలే సగం రోగం" అంటడు.


అంబాసిడర్_కొడుకు
మే 14, పొద్దున 6:05

సగం కాదు గని ఉంది. ఇథనాల్‌ల ఆక్సిజన్ కలిసే ఉంటది, కాబట్టి కార్బొరేటర్‌ల పెట్రోల్ వదిలే అదే జెట్టుల అదే మోతాదు పెట్రోల్ పోయినా మంటకు గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అయినట్టు లెక్క. కొత్త బండ్లల్ల కంప్యూటర్ చూసుకుంటది, ఎస్‌యూ కార్బొరేటర్‌కు మనమే కంప్యూటర్. పెట్రోల్ తక్కువైతె ఇంజన్ నీరసంగ, వేడిగ నడుస్తది, ఎనకకు కొడతది.

చూసుకునుడు సులభం. ఇంజన్ వేడిగున్నప్పుడు కార్బొరేటర్ పక్కన ఉన్న చిన్న పిన్నుతోని లోపల పిస్టన్‌ను గోరు మందం అంత లేపు, ఎక్కువ లేపకు. స్పీడ్ పెరిగి అట్లనే ఉండిపోతె పెట్రోల్ ఎక్కువున్నట్టు, డల్లయి ఆగబోతె తక్కువున్నట్టు, జరంత పెరిగి మళ్ల మామూలుకొస్తె సరిపోయినట్టు. తక్కువుంటె కింద జెట్టు నట్టును కొద్దికొద్దిగ కిందికి తిప్పు, రెండు కార్బొరేటర్లకు సమానంగ. నల్లపొగ వచ్చేదాక తిప్పకు మళ్ల.

పెట్రోల్ పైపులు మాత్రం అన్నీ కొత్తయి ఏసెయ్యి. పాత రబ్బరును ఇథనాల్ తింటది, ఆ పైపులు పోయేది కాలే మానిఫోల్డ్ పక్కనుంచే. ఇదొక్కటి వాయిదా వెయ్యకు తమ్మీ.


గాలిమోటర్
మే 14, పొద్దున 9:40

మిస్త్రీ నాలుకతోని డిస్ట్రిబ్యూటర్ చెక్ చేసుడు నేను ఇంతవరకు చూడలే, ఆయన నంబర్ అడుగుదామనుకున్న గని ఇక్కడ పెట్టొద్దు కదా. కార్పెట్ కింద చివరికి ఏమన్న వేసినవా లేదా?


రెండుసీట్ల_నల్గొండ
మే 14, రాత్రి 10:20

ఇంకా వెయ్యలే. ఏసీ పైపులకు తొడుగుతరు చూడు, నల్ల నైట్రైల్ రబ్బరు షీటు, నీళ్లు పీల్చదు అది, దాని 10 మిల్లీమీటర్లది వేద్దామనుకుంటున్న. దూది, గ్లాస్ వూల్ లెక్కటివి వద్దనుకున్న, మళ్ల గోనెసంచి కథే. ముందు రేకు అయిపోనీ.


బాయిలర్_మిర్యాలగూడ
మే 26, రాత్రి 9:15

రెండుసీట్ల అన్న నిన్న మా మిల్లుకు బండి తీస్కోని వచ్చిండు. మా వాళ్లు పని ఆపి బయటకొచ్చి నిలబడ్డరు, ఓనర్ సుత వచ్చి సీట్ల కూసున్నడు, దిగనీకె కష్టమైంది ఆయనకు, అంత కిందికి ఉంటది ఆ సీటు.

బండిని ర్యాంపు ఎక్కించి రేకు కొలత తీసినం, రెండు అడుగులకు కొద్దిగ తక్కువ పొడుగు, మానిఫోల్డ్ పైపు వంగి ఫ్లోరు కిందికి వచ్చే కాడి నుంచి. తూట్లు వెయ్యలే, నాలుగు క్లాంపులు, ఎనిమిది కాళ్లు. అంచులు ఎనకకు మడిచినం, లేకపోతె బండి కింద పని చేసేటోళ్ల చేతులు కోస్తయ్, ఊగి సప్పుడు సుత వస్తది.

లేజర్ థర్మామీటర్‌తోని ముందు, తర్వాత కొలిచినం. ముందు ఫ్లోరు లోపల 69 డిగ్రీలు చూపెట్టింది, అదే రోడ్డు మీద అంతే దూరం నడిపి వచ్చినంక 47. బయట 42 ఉన్నది ఆ టైముకు, కాబట్టి దాని కంటె కిందికి రమ్మంటె అది రాదు. కొలిచేటోళ్లకు ఒక మాట, మెరిసే రేకు మీద ఆ లేజర్ పెడితె అబద్ధం చెప్తది, చాలా తక్కువ చూపిస్తది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద పెట్టాలె. మా కొత్త పిలగాడు రేకు మీద పెట్టి "సార్ 38" అని ఎగిరిండు, చేయి పెట్టు అన్న, పెట్టలే.


పాలమూరు_జీపు
మే 27, పొద్దున 7:30

ఊలు దారం పెట్టి చూసిన అన్నా. లోపలికే వంగినయ్. వాషర్లు తీసేసిన, ఇగ దాని గురించి మాట్లాడను.


రెండుసీట్ల_నల్గొండ
జూన్ 9, రాత్రి 9:00

ఆఖరి అప్‌డేట్. నైట్రైల్ షీటు ఏసిన, కార్పెట్ మళ్ల పరిచిన, పెట్రోల్ పైపులు మార్చిన. బిరడా సుత దొరికింది, బాడీ పని చేసే షాపుల డబ్బాడు ఉన్నయ్ అసొంటివి, వేరే బండివి, సరిగ్గ కూసున్నది.

నిన్న మిరుగం కదా, చేపలు లేకపోతె మా ఇంట్ల నడువది. పొద్దుగాల అయిదున్నరకు సాగర్ పోదామన్న. మా ఇంటామె ముందు ఒప్పుకోలే, "బస్సు టైము చూస్కోని ఒస్త" అన్నది, చివరికి మందం అడుగు చెప్పులు ఏసుకోని ఎక్కింది. కనగల్ దాటినం, హాలియా దాటినం, కాళ్లు కిందనే ఉన్నయ్. పెద్దవూర కాడ చాయ్ తాగేటప్పుడు అడుగుదామనుకోని అడగలే, ఆమె సుత చెప్పలే. డ్యాం కాడ బండి ఆపి చూస్తుంటె ఒక పెద్దాయన వచ్చి ఏ సంవత్సరం బండి అని అడిగిండు, 66 అన్న. "డ్యాం నీళ్లు ఇడిసింది 67ల, అంటె నీ బండే పెద్దది" అన్నడు.

బొచ్చె రెండు కిలోలు తీస్కున్నం, థర్మకోల్ డబ్బాల ఐసు ఏసిచ్చిండ్రు. ఎనక డికీల జాకీ, స్టెపినీ, పనిముట్లు ఉన్నయ్, పట్టలే. ఇగ చేసేదేం లేక డబ్బాను ఎడమ కాళ్ల కాడనే పెట్టిన, సరిగ్గ చెప్పు అంటుకున్న జాగల. ఆమె దాని మీద కాళ్లు పెట్టుకోని వచ్చింది. పదిన్నరకు నల్గొండ చేరినం, ఇంటికొచ్చి మూత తీస్తె ఐసు సగానికి పైనే ఉన్నది.

ఇప్పుడు సమస్య ఏందంటె మూల మీదికెళ్లి నీళ్లు కారి కొత్త కార్పెట్‌ల ఇంకినయ్. రేపు కార్పెట్ మొత్తం ఇప్పి ఎండల ఆరబెట్టాలె. చేపల వాసనకు ఏం చేయాల్నో ఎవరికన్న తెలుసా?